ఛాతీలో ధమని తెగినప్పుడు: ముందు స్కానా, ముందు ఆపరేషనా?

కనుమ నాడు చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పశువుల పండుగ జరుగుతుంది. కొమ్ములకు పలకలు కట్టిన కోడెలను వీధిలోకి వదులుతారు. ఆ పలకలు లాక్కోవడానికి కుర్రకారు ఎగబడుతుంది. తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కాళ్ళకూ చేతులకూ తగిలేవే. ఎప్పుడో ఒకరికి కొమ్ము ఛాతీలో దిగుతుంది. అప్పుడు ఆ మనిషికి ఏం చేయాలన్నది బంధువులకు ఒక పట్టాన అర్థం కాదు.

ఇలాంటి కేసులు, కత్తిపోటు కేసులు వచ్చినప్పుడు ఆస్పత్రి వరండాల్లో రెండు ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. "స్కాన్ కూడా తీయకుండా ఛాతీ కోసేశారు" అన్నది మొదటిది. "మనిషి ప్రాణాలతో కొట్టుకుంటుంటే స్కాన్ అంటూ కాలం గడిపారు" అన్నది రెండోది. రెండూ కడుపు మంటలోంచి వచ్చే మాటలే. కానీ ఒకే ఆస్పత్రిలో, ఒకే రోజు, ఒకరిని స్కాన్ లేకుండా ఆపరేషన్ థియేటర్‌కు పంపడం, మరొకరిని ఆపరేషన్‌కు ముందు స్కాన్‌కు పంపడం, రెండూ సరైన నిర్ణయాలే కావచ్చు. గాయం ఎంత పెద్దదన్నది ఆ తేడాకు కారణం కాదు. రక్తపోటు నిలబడుతోందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే దారి రెండుగా చీలుతుంది.

ఛాతీలో ఏ రక్తనాళం ఎక్కడ ఉంది

గుండె ఎడమ గది నుంచి బృహద్ధమని పైకి లేస్తుంది, వంపు తిరుగుతుంది, వెన్నెముక పక్కగా కిందికి దిగుతుంది. ఆ వంపు మీది నుంచి మూడు శాఖలు బయలుదేరతాయి. మొదటిది ఇన్నామినేట్ ధమని. కుడి చేతికి, మెదడు కుడి భాగానికి రక్తం దీని నుంచే వెళుతుంది. రెండోది ఎడమ కరోటిడ్, మెదడు ఎడమ భాగానిది. మూడోది ఎడమ సబ్‌క్లేవియన్. ఇది కాలర్ బోన్ కింది నుంచి ఎడమ చేతికి వెళుతుంది. వీటన్నిటిలోనూ ఉండే ఒత్తిడి మనం చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీయే. పై అంకె 120 దగ్గర ఉంటుంది.

గుండె కుడి గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమని సంగతి వేరు. దానిలో పై అంకె 25 దగ్గరే ఉంటుంది. ఈ తేడా చాలా విషయాలను విడమరుస్తుంది. కత్తి ఊపిరితిత్తి అంచును చీల్చినప్పుడు వచ్చే రక్తం తక్కువ ఒత్తిడిది. ఊపిరితిత్తి తిరిగి విచ్చుకుని ఛాతీ గోడకు ఒత్తుకుంటే అది చాలాసార్లు దానంతట అదే ఆగిపోతుంది. అందుకే ఛాతీలో దిగిన గాయాల్లో అత్యధిక భాగం పక్క నుంచి వేసే ఒక్క ట్యూబుతోనే నయమవుతాయి. పెద్ద ఆపరేషన్ అవసరమయ్యేవారు తక్కువే.

మిగిలిన ఆ కొద్దిమందిలో పేచీ పెట్టేవి బృహద్ధమని, దాని శాఖలే అనుకుంటాం. నిజానికి బృహద్ధమని పూర్తిగా చీలినవారిలో చాలామంది ఆస్పత్రి దాకా రారు. ఆస్పత్రికి ప్రాణాలతో చేరినవారిలో వైద్యులను తరచూ ఇబ్బంది పెట్టేవి పేరు కూడా వినని సన్నని ధమనులు. ప్రతి పక్కటెముక కింది అంచు వెంట ఒక ధమని వెళుతుంది. రొమ్ము ఎముకకు రెండు పక్కలా, సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో ఇంటర్నల్ మామరీ అనే ధమని నిలువుగా దిగుతుంది. దాని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. కానీ అది బృహద్ధమని ఒత్తిడితోనే కొట్టుకుంటుంది. ఊపిరితిత్తి విచ్చుకున్నంత మాత్రాన అది ఆగదు.

వైద్య విద్యార్థులను కూడా ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి ఉంది. ఇలాంటి సన్నని ధమని పూర్తిగా రెండు ముక్కలైతే ఆ కొసలు ముడుచుకుని కండలోకి జరుగుతాయి, రంధ్రం బిగుసుకుంటుంది, గడ్డ కడుతుంది. సగం మాత్రమే తెగితే ముడుచుకోవడానికి వీలుండదు. మిగిలిన సగం గోడ రంధ్రాన్ని తెరిచే ఉంచుతుంది. కాబట్టి సగం తెగిన ధమని పూర్తిగా తెగినదానికంటే ఎక్కువసేపు, ఎక్కువగా కారవచ్చు.

బయటకు రాని రక్తం: ఒక చిన్న లెక్క

అరవై కిలోల మనిషిని తీసుకుందాం. కిలోకు 70 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో రక్తం 4.2 లీటర్లు. దానిలో 15 శాతం, అంటే 630 మిల్లీలీటర్లు పోయినా పెద్దగా తేడా కనబడదు. నాడి కాస్త వేగం అందుకుంటుంది, అంతే. 30 శాతం వరకు, అంటే 1,260 మిల్లీలీటర్ల వరకు పోతున్నా శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచి బీపీని దాదాపు నిలబెడుతుంది. ఆ గీత దాటాకే బీపీ స్పష్టంగా పడుతుంది. బీపీ పడిందంటే అప్పటికి లీటరుంపావు పోయిందన్నమాట.

ఇంత రక్తం ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య ఉండే ఖాళీలోకి. ఒక్కో పక్క ఆ ఖాళీ మూడు లీటర్ల దాకా పట్టగలదు. అంటే మన లెక్కలోని మనిషి రక్తంలో మూడింట రెండు వంతులు చొక్కా మీద చారెడు మరక కూడా లేకుండా లోపలే చేరగలదు.

చిత్తూరులో "బీపీ 110 ఉంది, బాగానే ఉన్నాడు" అని అంబులెన్స్ ఎక్కించిన కుర్రాడికి పూతలపట్టు దాటేసరికి బీపీ 70కి పడిపోవడంలో వింత లేదు. వయసులో ఉన్నవారి రక్తనాళాలు గట్టిగా బిగుసుకుంటాయి కాబట్టి వాళ్ళు చివరి దాకా బాగున్నట్టే కనిపించి ఒక్కసారిగా కుప్పకూలతారు. కాబట్టి మొదటి బీపీ అంకె ఒక్కటే చూసి ఊరట పడకూడదు. నాడి వేగం, చర్మం చల్లబడడం, చెమట, కలవరం, ఇవన్నీ బీపీకంటే ముందు మాట్లాడతాయి.

కత్తి గాయం, కొమ్ము గాయం, నాటు తుపాకి గాయం ఒకటి కావు

కత్తి దిగిన దారి దాదాపు తిన్నగా ఉంటుంది. ఎక్కడ దిగిందో, ఎటు వాలిందో తెలిస్తే ఏ నాళానికి ముప్పు ఉందో కొంత ఊహించవచ్చు. కత్తి గాయంలోనే ఉండిపోతే దానిని బయట ఎక్కడా తీయకపోవడానికి కారణం కూడా ఇదే. తెగిన ధమనికి ఆ కత్తే అడ్డుకట్టగా ఉండవచ్చు. లాగేస్తే ఆ కట్ట తెగుతుంది. ఛాతీలో నిలిచిన ఇనుప చువ్వకు, కటింగ్ యంత్రం చక్రం నుంచి ఎగిరొచ్చి గుచ్చుకున్న ముక్కకు కూడా ఇదే వర్తిస్తుంది.

కొమ్ము అలా కాదు. కొమ్ము దిగాక కోడె తల విసురుతుంది, మనిషిని పైకి లేపుతుంది. పైన చర్మం మీద ఒకే రంధ్రం, లోపల రెండు మూడు దిక్కులకు దారులు ఉంటాయి. నేల మీద నిలబడిన మనిషిని కింది నుంచి పైకి పొడుస్తుంది కాబట్టి చంక దగ్గర కనిపించిన గాయం కాలర్ బోన్ కింద సబ్‌క్లేవియన్ దాకా చేరి ఉండవచ్చు. పైగా కొమ్ముతో పాటు మట్టి, పేడ, చొక్కా పీలికలు లోపలికి వెళతాయి. ధమనిని అతికించినా తర్వాత చీము పడితే ఆ అతుకే ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. ఈ విషయం ఆపరేషన్ దగ్గర మళ్ళీ వస్తుంది.

నాటు తుపాకి గాయంలో రవ్వలు చెదిరిపోతాయి. ఒక్కో రవ్వది ఒక్కో దారి. అరుదుగా ఒక రవ్వ రక్తనాళంలోకి దూరి రక్తంతో పాటు కొట్టుకుపోయి ఎక్కడో దూరంగా ఇరుక్కుంటుంది. సీటీ స్కాన్‌లో లోహపు రవ్వల చుట్టూ చారలు పడి, పక్కనున్న ధమని సరిగా కనిపించదు.

మొదటి నిమిషాల్లో ఏం వెతుకుతారు

ఊపిరి ఆడుతోందా, గాలి రెండు పక్కలా సమానంగా వెళుతోందా అన్నది మొదట. వెంటనే రెండు చేతుల్లోనూ నాడి పట్టి చూస్తారు, బీపీ రెండు చేతులకూ కొలుస్తారు. ఎడమ సబ్‌క్లేవియన్‌కు దెబ్బ తగిలితే ఎడమ మణికట్టు దగ్గర నాడి బలహీనంగా ఉండవచ్చు, బీపీ కుడి చేతికంటే తక్కువ రావచ్చు. అయితే భుజం చుట్టూ పక్కదారి నాళాలు చాలా ఉంటాయి. ప్రధాన ధమని తెగినా వాటి ద్వారా రక్తం చేరి మణికట్టు నాడి తగులుతూనే ఉండవచ్చు. నాడి ఉంది కాబట్టి ధమని బాగుందని తేల్చడానికి లేదు.

కొన్ని లక్షణాలను వైద్యులు గట్టి గుర్తులుగా తీసుకుంటారు. గాయం నుంచి ఎర్రని రక్తం గుండె లయకు తగ్గట్టు చిమ్మడం, కాలర్ బోన్ మీద వాపు చూస్తుండగా పెరగడం, చేతికి నాడి పూర్తిగా లేకపోవడం, గాయం మీద చెయ్యి పెడితే జలదరింపు తగలడం. ఇవి ఉంటే ధమని తెగిందనే లెక్క. పెరగని వాపు, దారిలో చాలా రక్తం పోయిందన్న మాట, చేతి వేళ్ళలో తిమ్మిరి వంటివి అనుమానానికి మాత్రమే బలమిస్తాయి. చేతికి వెళ్ళే నరాల గుచ్ఛం సబ్‌క్లేవియన్‌ను ఆనుకునే ఉంటుంది కాబట్టి వేళ్ళ తిమ్మిరిని వైద్యులు తేలిగ్గా తీసుకోరు.

ఈలోగా మంచం పక్కనే అల్ట్రాసౌండ్ పెట్టి ఛాతీ రెండు పక్కలా, గుండె చుట్టూ రక్తం చేరిందేమో చూస్తారు. దీన్ని ఈ-ఫాస్ట్ అంటారు. కొద్ది నిమిషాల పని. గుండె చుట్టూ ఉండే సంచి సాగదు. హఠాత్తుగా 150, 200 మిల్లీలీటర్లు చేరినా గుండె నిండలేక బీపీ పడిపోతుంది, మెడ మీద సిరలు ఉబ్బుతాయి. దీన్ని టాంపొనేడ్ అంటారు. ఈ పరీక్షకూ ఒక లొసుగు ఉంది. ఆ సంచికే చిల్లు పడి రక్తం ఎడమ ఛాతీలోకి కారిపోతుంటే గుండె చుట్టూ ఏమీ కనిపించదు, దెబ్బ మాత్రం గుండెకే తగిలి ఉంటుంది.

ఎక్స్‌రే సంగతి కూడా చెప్పాలి. నిలబెట్టి తీస్తే రెండు మూడు వందల మిల్లీలీటర్ల రక్తం కూడా కింది మూలలో కనిపిస్తుంది. పడుకోబెట్టి తీస్తే రక్తం వీపు వెంట పరుచుకుంటుంది. లీటరు ఉన్నా ఆ పక్క కాస్త మసకగా కనబడుతుంది, అంతే. "ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు" అన్న మాటకు విలువ ఎక్స్‌రే ఎలా తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ట్యూబు చెప్పే సంగతి

చంక కింద, నాలుగో ఐదో పక్కటెముకల సందులో చిన్న కోత పెట్టి వేలు లోపలికి పోనిచ్చి దారి చూసుకుని ట్యూబు వేస్తారు. పక్కటెముక పై అంచు మీదుగానే వేస్తారు, కింది అంచు వెంట ధమని ఉంటుంది కాబట్టి. ట్యూబు రక్తాన్ని బయటికి తీస్తుంది, ఊపిరితిత్తిని విచ్చుకోనిస్తుంది. దాని మూడో పని బయటివారికి తెలియదు: అది కొలబద్ద.

వేయగానే 1,500 మిల్లీలీటర్లు వస్తే, లేదా ఆ తర్వాత గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు నుంచి నాలుగు గంటల పాటు వస్తూనే ఉంటే, ఛాతీ తెరవాల్సిందే అన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. సీసా మీద గీతల దగ్గర నర్సు గంట గంటకూ రాసే అంకెలను బట్టే ఆపరేషన్ నిర్ణయం జరుగుతుంది. సీసా నిండుతుంటే బంధువులు హడలిపోతారు, అది సహజం. కానీ నిండడం ఒక్కసారిగా ఆగిపోయినా హాయిగా ఊపిరి పీల్చుకోలేం. గడ్డ అడ్డం పడి ట్యూబు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు అంకె సున్నా చూపిస్తుంది, రక్తం లోపల చేరుతూనే ఉంటుంది.

ఉదాహరణ ఒకటి: స్కాన్‌కు ఆగలేని మనిషి

ఇది ఊహించిన కేసు. ముప్పై ఏళ్ళ మనిషికి రొమ్ము ఎముక పక్కన, కుడివైపు రెండు సెంటీమీటర్ల కత్తిపోటు. నాడి 140, బీపీ 70. ఈ-ఫాస్ట్‌లో గుండె చుట్టూ రక్తం లేదు, కుడి ఛాతీ నిండా ఉంది. ట్యూబు వేయగానే 1,600 మిల్లీలీటర్లు. రక్తం ఎక్కిస్తే బీపీ 90కి వచ్చి మళ్ళీ జారుతోంది.

ఈ మనిషిని సీటీ గదికి తీసుకెళితే ఏమవుతుంది? బల్ల మీదికి మార్చాలి, గొట్టాలు సర్దాలి, ధమనులు బొమ్మలో కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి, అందరూ గది బయటకు రావాలి. ఆ కొద్ది నిమిషాల్లో గుండె ఆగితే ఛాతీ తెరవడానికి ఆ గదిలో ఏర్పాట్లు ఉండవు. పైగా స్కాన్ చెప్పే కొత్త సంగతి కూడా లేదు. ఏ పక్క తెరవాలో ట్యూబు చెప్పేసింది. నేరుగా థియేటర్‌కు వెళతారు. లోపల చూస్తే సగం తెగిన ఇంటర్నల్ మామరీ ధమని. పై కొసనూ కింది కొసనూ రెండింటినీ కట్టేయాలి, ఎందుకంటే కింది నుంచి కూడా పక్కదారుల ద్వారా రక్తం వెనక్కి వస్తుంది. కట్టేస్తే సరి, దానివల్ల ఛాతీ గోడకు నష్టం ఉండదు. ప్రాణం మీదికి తెచ్చింది రెండు మిల్లీమీటర్ల నాళం.

ఉదాహరణ రెండు: స్కాన్ లేకుండా కోయకూడని మనిషి

ఇదీ ఊహించినదే. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఎడమ చంక ముందు భాగాన కొమ్ము గాయం. నాడి 112, బీపీ కుడి చేతికి 118, ఎడమ చేతికి 92. ఎడమ మణికట్టు నాడి ఉంది, బలహీనంగా ఉంది. ట్యూబులో 400 మిల్లీలీటర్లు వచ్చి ఆగింది. గంట గడిచినా అంకెలు నిలకడగా ఉన్నాయి.

ఇక్కడ స్కాన్ చేయడం ఆలస్యం కాదు, చికిత్సలో భాగం. సీటీ యాంజియోగ్రామ్‌లో అయోడిన్ కాంట్రాస్ట్‌ను సిరలోకి ఎక్కించి, అది ధమనుల్లో నిండిన క్షణాల్లో బొమ్మలు తీస్తారు. కాంట్రాస్ట్‌ను ఎక్కించేది దెబ్బ తగలని చేతి నుంచే. దెబ్బ తగిలిన పక్క నుంచి ఎక్కిస్తే సిరలో చిక్కగా ఉన్న మందు వెలుగు చారల్లా పరుచుకుని, చూడాల్సిన ధమనినే కప్పేస్తుంది. పైగా ఆ పక్క సిర కూడా తెగి ఉంటే మందు లోపలే కారిపోతుంది. సెలైన్ సూదికీ ఇదే నియమం.

బొమ్మలో ఏం కనిపించవచ్చు? కాంట్రాస్ట్ నాళం దాటి బయటకు కారడం, అంటే ఇంకా రక్తం పోతోందని. నాళం హఠాత్తుగా ఆగిపోవడం, అంటే మూసుకుపోయిందని. లోపలి పొర చిరిగి వేలాడడం. ధమని పక్కనున్న సిరతో కలిసిపోవడం. లేదా సూడో అన్యూరిజం: ధమని గోడకు చిల్లు పడి, కారిన రక్తాన్ని చుట్టూ ఉన్న కండ, గడ్డ కలిసి సంచిలా పట్టి ఉంచడం. మన కుర్రాడికి కనిపించింది ఇదే. ఇప్పటికి నిలిచి ఉంది కానీ ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. ఇవాళ్టికి కారడం లేదని ఇంటికి పంపితే రోజులకో వారాలకో పగలవచ్చు.

ఇక గాయమే తప్ప ఏ లక్షణమూ లేక, మొదటి ఎక్స్‌రే కూడా బాగున్నవారిని మూడు నుంచి ఆరు గంటలు ఉంచి మళ్ళీ ఎక్స్‌రే తీసి, మార్పు లేకపోతే పంపిస్తారు. గుండెకు, పెద్ద నాళాలకు దగ్గరగా దిగిన గాయమైతే స్కాన్ కూడా తీస్తారు.

కోత ఎక్కడ పెట్టాలన్నదే సగం ఆపరేషన్

పొట్టలో అయితే నిలువుగా ఒక కోతతో దాదాపు అన్నీ అందుతాయి. ఛాతీలో అలా కాదు. రొమ్ము ఎముకను నిలువుగా చీల్చి తెరిస్తే గుండె, బృహద్ధమని మొదటి భాగం, ఇన్నామినేట్, కుడి సబ్‌క్లేవియన్ మొదలు అందుతాయి. ఎడమ సబ్‌క్లేవియన్ మొదలు మాత్రం వెనక్కి, లోతుగా ఉంటుంది. ముందు నుంచి తెరిస్తే అది కనబడీ అందదు. దానికి ఎడమవైపు పైన, మూడో నాలుగో పక్కటెముకల సందులోంచి వెళ్ళి దాని మొదలు దగ్గర క్లాంపు (రక్తం ఆపే పట్టుకారు) వేయాలి, దూరపు భాగానికి కాలర్ బోన్ మీద మరో కోత పెట్టాలి. వెన్నెముక పక్కన దిగే బృహద్ధమనికి ఎడమ వీపు పక్క నుంచి దారి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. బీపీ లేని మనిషిని అలా తిప్పడమే ఒక సాహసం.

నిలకడగా ఉన్నవారికి స్కాన్ అంత విలువైనది కావడానికి కారణం ఇదే. ధమని తెగిందని చెప్పడం దానికి చిన్న పని. ఎక్కడ కోయాలో చెప్పడం పెద్ద పని. తప్పు కోత పెట్టి లోపలికి వెళ్ళాక అందని చోట రక్తం చిమ్మితే మళ్ళీ రెండో కోత పెట్టేదాకా వేలితో నొక్కి పట్టుకోవడం తప్ప మార్గం ఉండదు. ఏ కోతైనా మొదటి లక్ష్యం ఒకటే. దెబ్బ తగిలిన చోటికి నేరుగా వెళ్ళరు. దానికి ముందూ వెనుకా ధమనిని పట్టులోకి తెచ్చుకున్నాకే గడ్డను కదుపుతారు.

కుట్టడం, అతకడం, కట్టేయడం

శుభ్రంగా తెగిన చిన్న చీలికను సన్నని పాలీప్రొపిలీన్ దారంతో పక్క నుంచి కుట్టేస్తారు. నలిగిన భాగాన్ని కోసేసి రెండు కొసలనూ కలిపి కుట్టవచ్చు, కొసలు లాగకుండా కలిస్తేనే. సబ్‌క్లేవియన్ గోడ పలుచన, దారం లాగితే కోసుకుపోతుంది. కాబట్టి మధ్యలో వేరే గొట్టం పెట్టి అతకడమే అక్కడ తరచూ చేసే పని.

ఆ గొట్టం ఏది? కాలి నుంచి తీసిన సొంత సిర అయితే చీము పట్టే అవకాశం తక్కువ. కానీ దాని వెడల్పు సబ్‌క్లేవియన్‌కు చాలకపోవచ్చు, తీయడానికి సమయం పడుతుంది. పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ వంటివాటితో చేసిన కృత్రిమ గొట్టం కొలతకు దొరుకుతుంది, సిద్ధంగా ఉంటుంది. కొమ్ము గాయంలో పేడ, మట్టి చేరిన చోట పరాయి వస్తువు పెట్టడానికి శస్త్రవైద్యులు జంకుతారు. ఇక్కడ ఒకే సమాధానం లేదు. గాయం ఎంత మురికిగా ఉంది, ఎంత శుభ్రం చేయగలిగారు, మనిషి ఎంతసేపు తట్టుకోగలడు అన్నవి చూసి ఎంచుకుంటారు.

ప్రాణం పోయే స్థితిలో సబ్‌క్లేవియన్‌ను కట్టేయడం కూడా ఒక మార్గమే. భుజం చుట్టూ ఉన్న పక్కదారుల వల్ల చేయి చాలాసార్లు బతుకుతుంది. కరోటిడ్ విషయంలో ఆ ధైర్యం చేయరు, మెదడుకు పక్షవాతం ముప్పు ఉంటుంది. వెన్ను పక్క బృహద్ధమనికి క్లాంపు వేసి ఉంచిన సమయం అరగంట దాటే కొద్దీ వెన్నుపాముకు రక్తం అందక కాళ్ళు పడిపోయే ముప్పు పెరుగుతుంది. ఈ ముప్పు గురించి బంధువులకు ముందే చెప్పడం వైద్యుల బాధ్యత. ఆ తొందరలో అర నిమిషమైనా దానికి కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

లోపలి నుంచి స్టెంటా, బయటి నుంచి కోతా

తొడ దగ్గరో చేతి దగ్గరో ధమనిలోకి తీగ పోనిచ్చి, గుడ్డ తొడుగు ఉన్న స్టెంటును దెబ్బ తగిలిన చోట విప్పితే చిల్లు లోపలి నుంచి మూసుకుపోతుంది. ఛాతీ తెరవనక్కర్లేదు, రక్తం తక్కువ పోతుంది, నరాల గుచ్ఛం దగ్గర తవ్వకం ఉండదు. మన రెండో ఉదాహరణలోని కుర్రాడికి చాలా కేంద్రాల్లో మొదట ఆలోచించేది ఇదే. పక్కటెముకల ధమనులు కారుతుంటే చిన్న లోహపు చుట్టలు పెట్టి లోపలి నుంచే మూసేయవచ్చు.

కోత వైపు వాదించేవారి మాటల్లోనూ బలముంది. తీగ చిల్లును దాటి అవతలి వైపుకు వెళ్ళాలి. ధమని రెండు ముక్కలైతే అది కుదరకపోవచ్చు. మెదడుకు వెళ్ళే శాఖ పక్కనే ఉంటే స్టెంటు దాన్ని మూసేయవచ్చు. కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య చేయి ఎత్తినప్పుడల్లా స్టెంటు నలుగుతుంది. మూటలు మోసే, పార పట్టే ఇరవై ఏళ్ళ మనిషిలో అది ఏళ్ళ తర్వాత వంగవచ్చు, విరగవచ్చు, మూసుకుపోవచ్చు. రక్తం చిమ్ముతూ బీపీ నిలవని మనిషి విషయంలో మాత్రం వాదనకు చోటు చాలా తక్కువ. అక్కడ కోతే.

సెలైన్ ఎంత ఎక్కించాలి

బీపీ పడితే సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించాలని చాలాకాలం నమ్మారు. 1994లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొండెంలో దిగిన గాయాలతో, 90 లేదా అంతకు తక్కువ బీపీతో వచ్చిన 598 మందిపై జరిగిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కుదిపింది. వెంటనే సెలైన్ ఎక్కించినవారిలో 62 శాతం బతికితే, ఆపరేషన్ గదికి చేరేదాకా ఆపినవారిలో 70 శాతం బతికారు. కారణం మన ప్రాంతపు రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. చెరువు కట్ట గండికి అప్పుడే వేసిన పచ్చి మట్టి మీదికి నీటిమట్టం పెంచితే ఆ మట్టి నిలవదు. అప్పుడే కట్టిన గడ్డ మీద బీపీని 120కి పెంచినా అంతే. పైగా సెలైన్ రక్తాన్ని పలుచన చేస్తుంది, చల్లబరుస్తుంది, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది.

దీనికి ఎదురు ప్రశ్న కూడా న్యాయమైనదే. హ్యూస్టన్ నగరంలో ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. పలమనేరు అవతల పల్లె నుంచి గంటన్నర ప్రయాణం చేసే మనిషిని అంతసేపు తక్కువ బీపీతో ఉంచితే మూత్రపిండాలు, మెదడు తట్టుకుంటాయా? తలకు కూడా దెబ్బ ఉంటే తక్కువ బీపీ నేరుగా హాని చేస్తుంది. అందుకే ఇప్పుడు ఎక్కువమంది మధ్యదారి పాటిస్తారు: స్పృహ ఉండి, నాడి తగిలే మేరకు కొద్దికొద్దిగా ఎక్కించడం, వీలైనంత త్వరగా సెలైన్ ఆపి రక్తానికి మారడం. ఆ రక్తం కూడా ఎర్రకణాలు మాత్రమే కాకుండా ప్లాస్మా, ప్లేట్‌లెట్లు దాదాపు సమపాళ్ళలో ఉండాలి. గ్రూపు చూసే వ్యవధి లేకపోతే 'ఓ' (O) గ్రూపు రక్తంతో మొదలుపెడతారు.

రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం చవకైన మందు. 2010లో 20 వేలకు పైగా క్షతగాత్రులపై జరిగిన క్రాష్-2 పరీక్షలో అది మరణాలను కొద్దిగా, స్పష్టంగా తగ్గించింది. షరతు ఒకటే. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే మేలుకు బదులు కీడు చేసిన సూచనలు కనిపించాయి.

దూరం అనే ఇంకో గాయం

తిరుపతిలో అలిపిరి దారిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు, వేలూరు దాదాపు 40. కుప్పం వాళ్ళు కోలారు, బెంగళూరు వైపు చూస్తారు. మదనపల్లె నుంచి తిరుపతికి వచ్చే దారిలో భాకరాపేట ఘాట్ ఉంది. అన్ని ఊళ్ళలో ఛాతీ శస్త్రవైద్యుడు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం, నిండుగా ఉన్న బ్లడ్ బ్యాంకు ఉండడం సాధ్యం కాదు. అయితే ట్యూబు వేయగల వైద్యుడు ఏరియా ఆస్పత్రిలో ఉంటే చాలామంది అక్కడే బతుకుతారు. పెద్ద ఆస్పత్రికి రాసి పంపే ముందు ట్యూబు వేయడం, దానిలో ఎన్ని మిల్లీలీటర్లు ఎన్ని గంటలకు వచ్చాయో కాగితం మీద రాయడం, ముందుగా ఫోన్ చేసి రక్తం సిద్ధం చేయించడం, ఇవి స్కాన్‌కంటే ఎక్కువ ప్రాణాలు నిలబెడతాయి. అక్కడ స్కాన్ యంత్రం ఉంది కదా అని గంట ఆగి, బొమ్మ తీసి, ఆపై పంపడం మాత్రం రోగికి మేలు చేయదు. ఆపరేషన్ చేయలేని చోట ఆ బొమ్మ నిర్ణయాన్ని మార్చదు.

కత్తిపోటు కేసు పోలీసు కేసు కాబట్టి ముందు ఫిర్యాదు నమోదు కావాలన్న భయం ఇంకా ఉంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతే.

ఇంటికి వెళ్ళాక మిగిలేవి

లోపల గడ్డకట్టిన రక్తం పూర్తిగా బయటికి రాకపోతే జ్వరం, ఆయాసం వస్తాయి, చీము చేరుతుంది. అందుకే గడ్డ మిగిలిందని తేలితే తొలి వారంలోనే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో శుభ్రం చేయడానికి మొగ్గు చూపుతారు. చేయి బలహీనంగా ఉంటే బంధువులు ఆపరేషన్ పాడైందనుకుంటారు. చాలాసార్లు అది దెబ్బ తగిలిన క్షణంలోనే నరాల గుచ్ఛానికి జరిగిన నష్టం. అందుకే ఆపరేషన్‌కు ముందే వేళ్ళ కదలికను పరీక్షించి కేసు షీటులో రాసి ఉంచడం రోగికీ వైద్యుడికీ ఇద్దరికీ అవసరం. నెలలు పట్టినా కొంత బలం తిరిగి రావచ్చు, ఫిజియోథెరపీ ఆపకూడదు.

స్టెంటు పెట్టినవారికి రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది, నిర్ణీత వ్యవధుల్లో డాప్లర్ (రక్తం పారే తీరు చూపే అల్ట్రాసౌండ్) లేదా సీటీ ఉంటుంది. నొప్పి లేదని ఆ మందు మానేసేవారు, ఆ పరీక్షకు రానివారు చాలామంది. చేయి చల్లబడడం, పని చేస్తుంటే చేయి లాగడం, కాలర్ బోన్ దగ్గర కొట్టుకునే వాపు, గొంతు బొంగురు పోవడం, ఇవి ఆపరేషన్ అయిన ఏడాదికి కనిపించినా అదే ధమని గురించే కావచ్చు. ఇరవై ఏళ్ళ కుర్రాడిలో పెట్టిన స్టెంటు అతనికి యాభై ఏళ్ళు వచ్చేదాకా ఎలా ఉంటుందో చెప్పేంత కాలం ఈ పద్ధతికి ఇంకా గడవలేదు. అందువల్ల డిశ్చార్జి కాగితం మీద స్టెంటు పేరు, కొలత, పెట్టిన చోటు రాయించుకుని దాచుకోవాలి. పదేళ్ళ తర్వాత వేరే ఊరిలో అతన్ని చూసే వైద్యుడు మొదట అడిగేది అదే.